బ్యాక్‌హో వ్యాసం పంపిన అబ్బాయికి

శ్రీకాకుళం

చిరంజీవికి ఆశీస్సులు.

చిన్న ట్రాక్టరుకు బ్యాక్‌హో, అంటే వెనక తగిలించుకునే తవ్వే చెయ్యి, ఎంచుకోవడం గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పుటలో ఆగిపోయాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పడిపోయిన మీ పనసచెట్ల మొదళ్లు ఇప్పటికీ తోటలోనే ఉన్నాయనీ, మీ నాన్నగారు ప్రతి వేసవిలోనూ గునపం పట్టుకుని ఒక మొదలు చుట్టూ తవ్వి, సగంలో నడుము పట్టేసి వదిలేస్తున్నారనీ అక్కడ రాశావు. ఆ తుపాను వెళ్లిన వారంలో ఉద్దానంలో కూలిన చెట్ల మధ్య దారి వెతుక్కుంటూ నడిచినవాణ్ని గనుక, ఆ వాక్యం దాటి ముందుకు పోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

రెండోసారి చదివినప్పుడు కోపం వచ్చింది. అలాంటి మొదళ్లు కళ్లముందు పెట్టుకుని, నువ్వు వ్యాసాన్ని తవ్వే లోతుతో మొదలుపెట్టావు. ఏడు అడుగులది, ఎనిమిది అడుగులది, తొమ్మిది అడుగులది అంటూ కంపెనీ కాగితంలోని అంకెలన్నీ పట్టికలోకి ఎక్కించావు. కొబ్బరి మొక్కకు మనం తీసే గొయ్యి లోతు మీటరే కదా. మొదలు పెకలించాలన్నా, చుట్టూ వేళ్లను తెంపే బలం కావాలి గానీ తొమ్మిది అడుగుల లోతు అక్కరలేదు. చెయ్యి పొడవు పెరిగే కొద్దీ ట్రాక్టరు వెనక వేలాడే బరువు పెరుగుతుంది, చెయ్యి పూర్తిగా చాచినప్పుడు కొసన ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. పైగా ఉద్దానం ఇసుక నేలలో ఎనిమిది అడుగులు నిటారుగా తవ్వితే గోడలు నిలబడవు. అందులోకి మనిషి దిగితే ఏమవుతుందో నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. బ్యాక్‌హోను ట్రాక్టరుకు ఎలా తగిలిస్తారన్నది నువ్వు చివరి పేరాలో ఒకే వాక్యంతో దాటేశావు. ఈ విషయం మీద రాయదగ్గ మొదటి సంగతి అదే. చాలా ట్రాక్టర్లకు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగు, గేర్‌బాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి, ఆ పోత ఇనుమే వెన్నెముకగా నిలుస్తుంది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. బకెట్టు పళ్లు పనస వేరును పట్టుకుని లాగినప్పుడు, బ్యాక్‌హో కేవలం వెనక కింద ఉండే రెండు లిఫ్టు చేతులకూ, పైన ఉండే మూడో చెయ్యి టాప్ లింకుకూ తగిలించి ఉంటే, ఆ దెబ్బంతా నేరుగా ఆ హౌసింగు మీదే పడుతుంది. సబ్‌ఫ్రేము ఉన్నదైతే, ట్రాక్టరు కిందుగా ముందుదాకా సాగే రెండు ఉక్కు దూలాలు ఆ దెబ్బను పంచుకుంటాయి. నాగలి కోసం, గొర్రు కోసం పుట్టిన మూడు చేతుల అమరిక అటూ ఇటూ కుదిపే తవ్వకానికి పుట్టలేదు. టాప్ లింకు తెగితే బ్యాక్‌హో ముందుకు మడుచుకుని, మీట దగ్గర కూర్చున్న మనిషి ట్రాక్టరుకూ దానికీ మధ్య నలిగిపోవచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ నీలాగే ఒక కంపెనీ కాగితం ముందు పెట్టుకుని, లిఫ్టు చేతులకు తగిలించే బ్యాక్‌హోను మెచ్చుకుంటూ ఒక వ్యవసాయ పత్రికకు రాశాను. అది చదివి గజపతినగరం వైపు ఒక రైతు కొనుక్కున్నాడు. ఏడాది తిరగకముందే కబురు వస్తే వెళ్లాను. ఆయన నన్ను ఒక్క మాటా అనకుండా ట్రాక్టరు పక్కన కూర్చోబెట్టి టార్చిలైటు వేసి చూపించాడు. క్లచ్ హౌసింగు మీద వెంట్రుక మందాన గీత, గీత వెంబడి నూనె చెమ్మ, ఆ చెమ్మకు అంటుకున్న ఎర్రమట్టి. నేను తప్పు రాశానని ఒప్పుకుంటూ దిద్దుబాటు పంపితే సంపాదకుడు వేయలేదు. ఇనుప సామాను వివరాలు పాఠకులకు విసుగట! ఆ నెల వెనక అట్ట మీద ఎవరి ప్రకటన ఉందో నాకు తెలుసు. ఇప్పటి పత్రికలు ఆ పనినే పట్టికలతో చేస్తున్నాయి. ధరకు ఒక గడి, లోతుకు ఒక గడి, హార్స్ పవరుకు ఒక గడి ఉంటాయి, ఎక్కడ బిగుస్తుందన్నదానికి గడి ఉండదు. నీ పట్టికలోనూ లేదు.

హైడ్రాలిక్ సంగతిలో ప్రవాహాన్నీ పీడనాన్నీ కలిపేశావు. నిమిషానికి ఎన్ని లీటర్ల నూనె వస్తుందన్నది చెయ్యి ఎంత వేగంగా కదులుతుందో చెబుతుంది. లాగే బలం పీడనాన్నీ, సిలిండరు లావునూ బట్టి ఉంటుంది. ట్రాక్టరు పంపు చిన్నదైతే పీటీవో మీద, అంటే ఇంజను బలాన్ని పనిముట్లకు అందించే ట్రాక్టరు వెనక ఇరుసు మీద, తిరిగే వేరే పంపు, వేరే నూనె ట్యాంకు ఉన్నది చూసుకోమని రాయి. వెనక మూడు నాలుగు వందల కిలోలు వేలాడితే ముందు చక్రాలు తేలిపోతాయి కాబట్టి ముందు బరువుల మాటా మరవకు. బకెట్టు వెడల్పు గురించి నువ్వు రాసింది బాగుంది. మొదళ్లకూ పైపు కాలువలకూ 12 అంగుళాలది చాలు.

ఇంకో మాట. బ్యాక్‌హోను నువ్వు ‘పృష్ఠ ఖనన సాధనం’ అన్నావు. గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో ఉండి ఆ మాట రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? మన రైతు తవ్వే బండి ఏదైనా జేసీబీ అంటాడు. ఆ మాటతో మొదలుపెట్టి, జేసీబీకీ ట్రాక్టరుకు తగిలించే బ్యాక్‌హోకూ తేడా చెప్పు.

ఏ కంపెనీది మేలని అడిగావు. ముందు మీ దగ్గరలో బ్యాక్‌హో ఉన్న ట్రాక్టరు ఎక్కడుందో కనుక్కుని, ఇంజను ఆపి, చెయ్యిని నేలకు దించిన తర్వాత, దాని కిందికి దూరి సబ్‌ఫ్రేము ఎక్కడెక్కడ బిగిసిందో ఒక్కో బోల్టూ చూడు. ఆ మనిషిని ఎన్ని గంటలకోసారి పిన్నులకు గ్రీజు పెడుతున్నాడో అడుగు. మీ నాన్నగారి ట్రాక్టరుకు ముందు వైపున అలా బిగించే రంధ్రాలు ఉన్నాయో లేవో చూసి రాయి. నాలుగో పుటలోని మొదళ్ల వాక్యాన్ని మొదటి పుటకు తెచ్చి, పట్టిక తీసేసి, సంక్రాంతిలోగా మళ్లీ పంపు.