‘మామయ్యగారు వచ్చింది’ అన్న కోడలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. మా రెండో అబ్బాయి తనతోపాటు బ్యాంకులో పనిచేసే ఒడియా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నిరుడు తెలుగువాళ్ళ కార్తీక వనభోజనాల్లో మా కోడలు ‘మామయ్యగారు వచ్చింది’ అన్నది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటినుంచి ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేసింది, ఈసారి భోజనాలకు రానంటోంది. నలుగురూ ఏమనుకుంటారోనని దిగులుగా ఉంది. ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ ఉత్తరంలో ‘నేనూ నవ్వాను’ అన్న చోట నేను చాలాసేపు ఆగాను. తోటలో నవ్విన ఇరవైమందినీ మీ కోడలు ఈపాటికి మరిచిపోయి ఉండవచ్చు. కానీ కొత్తచోట మాట తడబడినవారు ముందుగా చూసేది తమవారి ముఖం వంకే కనుక, ఆ క్షణంలో ఆమె మీవైపు చూసే ఉంటుందని, అక్కడ కనిపించిన నవ్వే ఆమె నోరు కట్టేసిందని నాకు అనిపిస్తోంది.

ఆమె చేసిన తప్పు ఎంతటిదో కూడా చూడండి. ఒడియాలో ఆయన వచ్చినా ఆమె వచ్చినా క్రియ మారదని నాకన్న మీకే బాగా తెలుసు. ఆ అలవాటుతో పెరిగిన మనిషి ‘గారు’ మరవకుండా మామగారిని గౌరవంగా చెప్పబోయి క్రియ దగ్గర జారింది, అంతే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది మొదలు, ఒడియా బడిలో చదివి ఇంట్లో తెలుగు నిలుపుకొన్న కుటుంబాలు మీ ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. కృష్ణా జిల్లా చుట్టాలు ‘మీది తెలుగా, ఒడియానా’ అని ఎగతాళి చేస్తే ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆ కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెలుగువాళ్ళు ఆగస్టు 29న ఎవరి పుట్టినరోజును భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారో ఆ గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళో పంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకొన్నారు. ఆయన మొదట్లో పలికిన తప్పులకు సవరలు నవ్వి ఊరుకొని ఉంటే ఆ పని సాగేదా?

కాబట్టి ఒప్పించడం సంగతి పక్కన పెట్టి, ముందు క్షమాపణ చెప్పండి. మీ అబ్బాయి లేనప్పుడు, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, ఆమె భాషలోనే చెప్పండి. ఆ పూట భోజనాల ఊసెత్తకండి, ఎత్తితే క్షమాపణ కాస్తా పిలుపుకు ఎరగా మారుతుంది. ఆ మాటను మీరు తరువాత ఫోనులో అక్కచెల్లెళ్ళకు చెప్పి నవ్వించి ఉంటే అదీ దాచకండి (చాలామంది అత్తలు చెబుతారు, మీరూ చెప్పారేమోనని నా అనుమానం). తప్పు పలికినప్పుడు అక్కడికక్కడే దిద్దమంటుందో, తరువాత చెప్పమంటుందో ఆమెనే అడిగి, ఆ ప్రకారమే నడుచుకోండి.

ఆమె వస్తానంటే, ఆమెను ముందుగా ఎవరి నోటి నుంచి కాపాడాలో ఆలోచించండి. ప్రతి సమూహంలోనూ పాత హాస్యాన్ని ఏడాది తరువాత కూడా తిరగదోడే పెద్దమనిషి ఒకరుంటారు. ఆయన ఇంటికి ముందే వెళ్ళి, ఆ మాట ఎత్తవద్దని నేరుగా అడగండి. ‘ఒడియావాళ్ళ అమ్మాయి’ అనకుండా పేరు పెట్టి పరిచయం చేయండి, మైకు చేతికివ్వకండి, విస్తళ్ళు వేసే చోటో వడ్డన దగ్గరో మీ పక్కన పని పంచుకోనివ్వండి. ఒడియావారూ కార్తీకాన నీచు మానేసి, అంళా నవమినాడు ఉసిరికి పూజ చేస్తారు కాబట్టి ఉసిరిచెట్టు నీడ ఆమెకు కొత్తది కాదు. పుట్టింట్లో ఆ రోజు ఏం చేసేవారో ఎవరైనా మనసారా అడిగితే, ఏ భాషలో జవాబిచ్చినా వినండి.

అయినా రానంటే బలవంతం చేయవద్దు, మీరు వెళ్ళండి. ‘కోడలు రాలేదేం?’ అని అడుగుతారు. ఒంట్లో బాగాలేదనో, బ్యాంకులో సెలవు దొరకలేదనో చెప్పాలనిపిస్తుంది. అలా చెప్పకుండా, ‘నిరుడు ఆమె మాటకు మనమంతా నవ్వాం, నేనూ నవ్వాను, అందుకే రాలేదు’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.