వాతావరణ సూచనలో మంచు, బెట్ట, వాన మూడూ ఉంటే నారుకు తడి ఇవ్వాలా, ఆగాలా?

మీరు అడిగింది ఇదీ: నెల రోజులుగా బెట్ట. సూచనలో వచ్చే రెండు మూడు రాత్రులు మంచు పట్టే చలి అన్నారు, ఐదో రోజుకు వాన అన్నారు. కొత్తగా నాటిన నారుకు ఇప్పుడే తడి పెట్టాలా, ఎలాగూ వాన వస్తోంది కదా అని ఆగాలా?

ఆగకండి. ఇవాళ మధ్యాహ్నంలోపే పెట్టేయండి. సరిగ్గా ఇలాంటి వారంలోనే నేను ఆగి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పుడు సూచనలో కనిష్ఠం 3 డిగ్రీలు అని ఉంది. సున్నా కాదు కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. నాలుగు రోజులు వాన కోసం ఎదురుచూసి, ఐదో రోజు మధ్యాహ్నం ఇక మనసు ఒప్పక మోటారు వేశాను. పది చాళ్లు తడిశాక మోటారు ఆగిపోయింది. చీకటి పడేలోగా అది బాగవలేదు. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఎక్కడా తెల్లగా మంచు లేదు. హమ్మయ్య అనుకుని వచ్చేశాను. పది గంటలకు మళ్లీ వెళ్లేసరికి పదకొండో చాలు నుంచి చివరిదాకా ఆకులన్నీ వేడినీళ్లు పోసినట్టు నల్లగా వేలాడుతున్నాయి. తడిసిన పది చాళ్లలో అంచుల దగ్గర నాలుగైదు మొక్కలు తప్ప మిగతావి నిలబడే ఉన్నాయి. మధ్యలో స్కేలు పెట్టి గీత గీసినట్టుంది.

3 డిగ్రీలకే ఆకు ఎలా గడ్డకట్టింది? సూచనలో చెప్పే ఉష్ణోగ్రత నేల దగ్గరిది కాదు, మనిషి ఎత్తుకు అటూఇటూగా, ఒకటింబావు నుంచి రెండు మీటర్ల ఎత్తులో నీడలో కొలిచేది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. దాంతో చుట్టూ ఉన్న గాలికన్నా అదే ఎక్కువ చల్లబడుతుంది. ఆ దెబ్బ తిన్నాక నేను రెండు థర్మామీటర్లు కొన్నాను. ఒకటి ఛాతీ ఎత్తులో కట్టాను, ఒకటి నేల మీద పెట్టాను. ఒక తెల్లవారుజామున పైన మూడున్నర చూపిస్తుంటే కింద సున్నాకు ఒక డిగ్రీ దిగువన ఉంది. అందుకే సూచనలో 4 డిగ్రీలు, ఆకాశం నిర్మలం, గాలి లేదు అని మూడూ కలిసి కనిపిస్తే నేను దాన్ని మంచు రాత్రి కిందే లెక్కేస్తాను.

ఇక బెట్టకీ దీనికీ సంబంధం ఏమిటంటే, తడిగా ఉన్న నేల పగటి ఎండను బాగా దాచుకుని రాత్రంతా మెల్లగా పైకి వదులుతుంది. ఎండిన నేలలో మట్టి రేణువుల మధ్య అంతా గాలే. వేడి లోపలికీ దిగదు, లోపల ఉన్నది పైకీ రాదు. పైగా బెట్టలో గాలి కూడా పొడిగా ఉంటుంది. తేమ ఉన్న గాలి చల్లబడితే మంచు బిందువులు ఏర్పడతాయి, ఆ ఏర్పడటంలో కొంత వేడి విడుదలై చలి జోరు కాస్త తగ్గుతుంది. పొడి గాలికి ఆ బ్రేకు ఉండదు. తెల్లగా ఏమీ కనపడకుండానే ఆకు లోపలి నీరు గడ్డకడుతుంది. ఆ పొద్దున నేను మోసపోయింది అక్కడే. సూచనలో డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది చూడండి, గాలిలోని తేమ బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత అది, చాలామంది పట్టించుకోరు. అది సున్నాకు బాగా దిగువన ఉంటే తెల్ల మంచు కోసం వెతక్కండి, ముందే కప్పేయండి.

కప్పడం గురించి. 1814లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు మంచు బిందువుల మీద ఒక పుస్తకం రాశాడు. గడ్డి మీద నాలుగు పుల్లలు పాతి, వాటి మీద పల్చటి చేతి రుమాలు బిగించి చూస్తే, దాని కింది గడ్డి బయటి గడ్డికన్నా వెచ్చగా ఉందట. రుమాలుకు సొంత వేడేమీ లేదు, అది చేసిందల్లా ఆకాశానికి అడ్డుపడటమే. పాత దుప్పటైనా పనికొస్తుంది. కాకపోతే దాన్ని మొక్క కాండం చుట్టూ మూటలా కట్టకండి. నేల నుంచి వచ్చే వేడి లోపల నిలవాలి కాబట్టి అంచులు నేలను తాకాలి. ప్లాస్టిక్ పట్ట ఆకులకు అంటుకుంటే అంటుకున్న చోటే మాడుతుంది, కింద పుల్లలు పెట్టండి. పొద్దెక్కగానే తీసేయండి. మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి పరిచి ఉంటే ఈ రెండు రాత్రులకు పక్కకు లాగండి. అది నేల వేడిని నేలలోనే ఆపేసి మొక్కను చలికి వదిలేస్తుంది. ఈ ముక్క చెబితే మా వాళ్లెవరూ నమ్మలేదు.

పొగ పెడితే మంచు పట్టదంటారు. ఆకాశంలోకి పోయే వేడిని పొగ పెద్దగా ఆపలేదు, కళ్లు మండటమే మిగులుతుంది. రాత్రి స్ప్రింక్లర్ వేయమని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒక గ్రాము నీరు గడ్డకడితే 80 కెలోరీల వేడి వదులుతుంది, అదే గ్రాము ఆవిరైతే సుమారు 600 కెలోరీలు లాక్కుంటుంది. మంచు మొత్తం కరిగేదాకా ఆపకుండా నడపగలిగితేనే అది లాభం. మధ్యలో ఆగే మోటారు ఉన్నవాళ్లకు, అంటే నాలాంటి వాళ్లకు, అది పని కాదు.

వాన సంగతి చివరికి తెచ్చాను, ఎందుకంటే మీ మూడింటిలో నమ్మకం తక్కువైనది అదే. రేపు రాత్రి చలి గురించి చెప్పిందాన్ని నమ్మొచ్చు, ఐదో రోజు వాన గురించి చెప్పింది ఇంకా మారుతుంది. సూచనలో వాన అవకాశం 40 శాతం అంటే, అలాంటి సూచన పదిసార్లు ఇస్తే నాలుగుసార్లు వాన పడుతుందని. సగం పొలంలో పడుతుందనీ కాదు, సగం రోజు పడుతుందనీ కాదు. నేనైతే రోజూ సూచన చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. వరసగా మూడు రోజులు అదే తేదీ చెబుతుంటే నమ్ముతాను, రోజుకో తేదీకి జరుగుతుంటే లేదనే అనుకుంటాను. నాకు అప్పుడు వాన రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, 6 మిల్లీమీటర్లు పడింది. చదరపు మీటరుకు 6 లీటర్లన్నమాట. చూడ్డానికి నేలంతా నల్లబడి పండగలా ఉంది. పార వేసి చూస్తే తడి అంగుళంన్నర దిగలేదు, కింద అంతా దుమ్మే.

మబ్బు ముందుగా వస్తే మాత్రం మీ అదృష్టం. సాయంత్రానికి దట్టంగా కమ్ముకుని తెల్లవార్లూ నిలిస్తే ఆ రాత్రి మంచు భయం దాదాపు లేనట్టే, చినుకు పడకపోయినా సరే. ఉట్టి నిర్మలాకాశమైతే సూర్యోదయం వేళే అన్నిటికన్నా చలి, కాబట్టి అర్ధరాత్రి చూసి ఫరవాలేదని పడుకోకండి.

మొదటి జల్లుకే మురిసి మిగిలిన మడిలో విత్తనం వేయకండి. మర్నాడు పారతో జానెడు లోతు తీసి మట్టి పిడికిలిలో నొక్కండి. ఉండ కడితే వేయండి, పొడిపొడిగా రాలిపోతే ఇంకో వాన దాకా ఆగండి. ఇక్కడ మాత్రం ఆగాలి.