బాదామి ఒక్క రోజులో అయిపోతుందా? గుహలు తప్ప ఇంకేముంది?

మీరు మూడు అడిగారు. హంపి నుంచి ఒక్క రోజులో కర్ణాటకలోనే ఉన్న బాదామి వెళ్ళి రావచ్చా, ఆ నాలుగు గుహలు తప్ప చూడ్డానికి ఏమైనా ఉందా, మోకాళ్ళ నొప్పులున్న అమ్మని తీసుకెళ్ళొచ్చా అని. నేను రెండుసార్లు వెళ్ళాను, మొదటిసారి సరిగ్గా మీరు అనుకుంటున్నట్టే వెళ్ళాను కాబట్టి చెబుతున్నాను, అలా వెళ్ళకండి.

హంపి నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరినా మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఎర్రటి ఇసుకరాయి కొండలు, ఆ ఎండలో రాయి మీద చెయ్యి పెడితే కాలుతోంది. గబగబా నాలుగు గుహలూ చూసి, ఫోటోలు తీసుకుని, తిరిగి బస్సెక్కేశాం. ఇంటికొచ్చాక చదువుకుంటే తెలిసింది, నేను చూసింది ఒకప్పటి చాళుక్య రాజుల రాజధానిలో ఒక మూల మాత్రమే అని. చాలా బాధేసింది. ఆ తర్వాతి చలికాలంలో మళ్ళీ వెళ్ళి రెండు రాత్రులు ఉన్నాను.

అసలు ఆ ఊరు అర్థం కావాలంటే ముందు చెరువు దగ్గర నిలబడాలి. అగస్త్య తీర్థం అంటారు. చిన్నపిల్లలకి అన్నం పెట్టాక పొట్ట నిమురుతూ మన ఇళ్ళలో "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటాం చూడండి, ఆ వాతాపి పేరే ఈ ఊరిది. చెరువుకి దక్షిణాన గుహలున్న కొండ, ఉత్తరాన కోట ఉన్న కొండ, మధ్యలో నీళ్ళు. అక్కడ నిలబడితే రాజధానికి ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. చాళుక్య రాజు మొదటి పులకేశి ఈ కొండని కోటగా కట్టించాడని అక్కడి బండ మీద శాసనం ఉంది, శక సంవత్సరం 465, అంటే క్రీ.శ. 543. రాజభవనం ఎక్కడా అని మాత్రం వెతక్కండి, చాళుక్యులు నివసించిన ఇళ్ళు ఇప్పుడు కనపడవు. మిగిలినవి రాయిలో ఉన్నవే, గుహలు, గుళ్ళు, శాసనాలు.

ఉత్తరపు కొండకి దారి మ్యూజియం పక్క నుంచి. రెండు నిలువు బండల మధ్య సన్నటి సందులోంచి మెట్లు పైకి వెళ్తాయి, పొద్దున్న ఏడింటికి ఆ సందులో చల్లగా, పావురాల చప్పుడు తప్ప ఏమీ వినిపించకుండా ఉంటుంది. నాకు బాదామి మొత్తంలో ఎక్కువ నచ్చింది ఆ అరగంట. పైన దిగువ శివాలయం, ఎగువ శివాలయం ఉన్నాయి, కొంచెం పక్కకి విడిగా ఒక బండ మీద మాలెగిత్తి శివాలయం. మాలెగిత్తి అంటే మాలలు కట్టే ఆవిడ. చిన్న గుడే, కానీ ఆ బండ మీద అది కూర్చున్న తీరు చూసి తీరాలి. కోట గోడల్లో, ధాన్యం కొట్లలో చాలా భాగం తర్వాతి కాలాల వాళ్ళవి, అన్నీ చాళుక్యులవే అనుకోకండి.

గుహలు మధ్యాహ్నం దాటాక చూడండి. మొదటి గుహ బయట పద్దెనిమిది చేతుల నటరాజు ఉంటాడు. మూడోది అన్నిటికన్నా పెద్దది, దాన్ని చాళుక్య వంశంవాడైన మంగళేశుడు 578లో విష్ణువుకి తొలిపించాడని అందులోనే శాసనం ఉంది. ఇంత పాత గుహకి తేదీ ఇంత కచ్చితంగా తెలియడం మామూలు విషయం కాదు. నాలుగోది జైనులది. కోతులు మాత్రం చాలా ఎక్కువ, నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉన్న కవరు లాక్కుపోయాయి, అందులోనే కళ్ళద్దాలు కూడా పెట్టాను. తినేవి ఏవీ చేతిలో పట్టుకెళ్ళకండి.

ఇప్పుడు మనవాళ్ళు ఎందుకు వెళ్ళాలో చెబుతాను. ఇక్కడి రాజు రెండో పులకేశి ఉత్తరాది చక్రవర్తి హర్షుణ్ణి నర్మద దగ్గర ఆపినవాడు. అతని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగికి వచ్చి తూర్పు చాళుక్య వంశం నిలబెట్టాడు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు ఆ వంశంవాడే. ఏలూరు పక్కన పెదవేగి, అంటే ఆనాటి వేంగి చూసినవాళ్ళు బాదామి చెరువు గట్టున నిలబడితే ఆ కథ మొదలైంది ఇక్కడా అనిపించి ఒళ్ళు జలదరిస్తుంది, నాకైతే అలాగే అనిపించింది.

642లో పల్లవ రాజు నరసింహవర్మ ఈ ఊరిని పట్టుకున్నాడు. పులకేశి ఆ యుద్ధంలోనే చనిపోయాడని చరిత్రకారులు అంటారు. పల్లవుడు తన గెలుపుని ఇక్కడే బండ మీద చెక్కించుకున్నాడు, ఇప్పుడు చాలా భాగం చెరిగిపోయింది. పదమూడేళ్ళ తర్వాత పులకేశి కొడుకు మొదటి విక్రమాదిత్యుడు ఊరిని తిరిగి తెచ్చుకున్నాడు. దాదాపు వందేళ్ళకి రెండో విక్రమాదిత్యుడు పల్లవుల రాజధాని కంచిలోకి అడుగుపెట్టి, అక్కడి కైలాసనాథుడి గుడి సొమ్ము ముట్టకుండా దేవుడికే తిరిగిచ్చేసి, ఆ మాట కన్నడంలో ఆ గుడి స్తంభం మీదే రాయించాడు. ఆ విజయానికి గుర్తుగా అతని రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించిన గుడే ఇప్పటి విరూపాక్షాలయం. అందుకే రెండో రోజు పట్టదకల్లుకి ఉంచుకోండి, 22 కిలోమీటర్లే. ఐహోళె ఇంకొంచెం ముందుకి, ఓపిక ఉంటే రెండూ ఒకే రోజు అవుతాయి.

విజయవాడ, గుంటూరు వైపు నుంచైతే హుబ్బళ్ళి వెళ్ళే రైలెక్కి గదగ్‌లో దిగి, అక్కణ్ణించి బస్సు పట్టుకోవచ్చు. బాదామి స్టేషన్ ఊరికి దాదాపు అయిదు కిలోమీటర్ల దూరం, ఆటో కావాలి. వేసవిలో మాత్రం వద్దు.

అమ్మగారి గురించి. ఉత్తరపు కొండ ఆవిడతో వద్దు, మెట్లు బాగా ఎత్తుగా ఉంటాయి. మొదటి గుహ వరకు మెల్లగా ఎక్కొచ్చు, నాలుగోదాకా వెళ్ళాలంటే మెట్లు చాలానే. కానీ చెరువు పక్క నుంచి భూతనాథ ఆలయానికి దారి దాదాపు చదునుగానే ఉంటుంది. అది చెరువుకి తూర్పు చివర ఉంది కాబట్టి సాయంత్రం ఎండ నేరుగా గుడి మీద పడుతుంది, రాయంతా బంగారు రంగులోకి మారుతుంది. ఆవిణ్ణి అక్కడ మెట్ల మీద కూర్చోబెట్టి, మీరు ఆ దగ్గర్లోనే కొండ బండ మీద ఉన్న కప్పె అరభట్ట అనే వీరుడి శాసనం చూసి రండి. సుమారు 700 నాటిది. "సాధుగె సాధు, మాధుర్యంగె మాధుర్యం" అని అందులో ఉంటుంది, మంచివాడికి మంచివాడు, తీయనివాడికి తీయనివాడు అని. ఆ లిపి మనకీ కన్నడం వాళ్ళకీ విడిపోకముందుది, కాసేపు నిలబడి చూస్తే ఒకటో రెండో అక్షరాలు మీరే పోల్చుకుంటారు. వచ్చి అమ్మగారికి చదివి వినిపించండి.