చవక ఎయిర్ పిస్టల్ కొంటే డబ్బు దండగేనా?

ప్రశ్న: "గాజువాకలో ఉంటాను. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకోవాలని ఉంది. తక్కువ ధరది కొంటే మొదట్లో ఎలా ఉంటుంది? డబ్బు దండగవుతుందా?"

దండగ కాదు. చవక పిస్టల్‌లో బ్యారెల్ కొత్తగా పట్టినవాడి చేతి కన్నా దాదాపు ఎప్పుడూ మెరుగే. నాసిగా ఉండేవి రెండే, ట్రిగ్గరూ గ్రిప్పూ. ఆ రెండూ చాలావరకు మన చేతుల్లో బాగుపడేవే. ఈ మాట చెప్పకుండా "లక్షన్నర పైన పెట్టనిదే ఈ ఆటలోకి రావొద్దు" అని మధ్యతరగతి పిల్లల్ని గుమ్మంలోంచే తిప్పి పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు చట్టం సంగతి. 0.177 అంగుళాల బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు), అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చూపించి, బిల్లు తీసుకుని దాచుకోండి. తూటా పేలే .32 పిస్టల్ దారి పూర్తిగా వేరు. దానికి లైసెన్సు కావాలి, అదీ అంత సులువుగా దొరకదు. ఆట నేర్చుకోవడానికి దాని జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

దుకాణంలో మొదట వినిపించేది ఎఫ్‌పీఎస్ లెక్క, అంటే పెల్లెట్ (చిన్న సీసం గుండు) సెకనుకు ఎన్ని అడుగులు పోతుందన్నది. "ఇది 600, అది 700" అంటారు. పట్టించుకోకండి. పోటీల్లో వాడే ఖరీదైన పిస్టళ్లు కూడా సెకనుకు సుమారు 150 మీటర్ల, అంటే 500 అడుగుల లోపు వేగమే ఇస్తాయి. అర గ్రాము పెల్లెట్‌కు అది ఐదున్నర జౌళ్లకు కాస్త పైన. కాగితానికి చిల్లు పెట్టడానికి అంతకన్నా అవసరం లేదు. వేగం పెంచిన చవక పిస్టల్‌లో స్ప్రింగు గట్టిగా ఉంటుంది, కాక్ చేయడం, అంటే కాల్చడానికి సిద్ధంగా బిగించడం కష్టం, పేలినప్పుడు కుదుపు ఎక్కువ. వేగం చూసి కొన్నవాళ్లే నెల తిరక్కుండా దాన్ని అటక మీద పెడతారు.

ఇక మొదటి రోజు ఎలా ఉంటుందంటే, కొత్తగా పట్టిన ప్రతి ఒక్కరికీ దాదాపు ఒకేలా ఉంటుంది. పెట్టెలోంచి తీయగానే బరువు పెద్దగా అనిపించదు, కిలోకు అటూఇటూ. ఒంటి చేత్తో, మోచెయ్యి వంచకుండా చాచి పట్టాక తెలుస్తుంది దాని బరువు. నాలుగైదు పెల్లెట్లకే భుజం లాగేస్తుంది. ఫ్రంట్ సైట్ (మూతి దగ్గరి గురి మొన) నల్లటి చుక్క చుట్టూ ఈదుతూ ఉంటుంది. అది సరిగ్గా మధ్యకు వచ్చిన క్షణాన "ఇప్పుడే!" అని ట్రిగ్గర్ లాగేస్తారు. చిల్లు కింద ఎడమవైపు, ఐదో నాలుగో రింగులో పడుతుంది. మళ్లీ అంతే. మూడోసారికి స్క్రూడ్రైవర్ తీసి బ్యాక్ సైట్ (వెనకవైపు గాడి ఉన్న గురి పలక) తిప్పడం మొదలుపెడతారు. తర్వాతి పెల్లెట్ కుడివైపు పోతుంది. ఇంకోవైపు తిప్పుతారు. గంట గడిచేసరికి "పిస్టల్ బాగాలేదు" అని తీర్మానం అయిపోతుంది.

పిస్టల్ బాగానే ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు చిల్లులు కింద ఎడమవైపు పడుతున్నాయంటే చూపుడు వేలితో పాటు చెయ్యంతా బిగుసుకుంటోందని అర్థం. దానికి సైట్ తిప్పితే జబ్బు ఒకటి, మందు ఒకటి. లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుంటే, బ్యాక్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే 10 మీటర్ల దగ్గర పెల్లెట్ 33 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్ కార్డులో ఒక్కో రింగు వెడల్పు 8 మిల్లీమీటర్లు. అంటే నాలుగు రింగులు పోయినట్టే. అదే రెండు సైట్లూ సరిగ్గా కలిసి ఉండి చెయ్యి మొత్తంగా ఐదు మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి, పెల్లెట్ కూడా ఆ ఐదు మిల్లీమీటర్లే జరుగుతుంది. పదో రింగు అడ్డంగా పదకొండున్నర మిల్లీమీటర్లు, కాబట్టి పదే పడొచ్చు. అందుకే చూపు ఫ్రంట్ సైట్ మీద ఉండాలి, టార్గెట్ మసకబారాలి. చెయ్యి ఊగుతుంది, ఊగనివ్వండి. నల్ల చుక్కకు కాస్త కింద, తెల్లటి చోట గురి నిలిపి, ఊగుతుండగానే వేలిని మెల్లగా వెనక్కి నొక్కుతూ పోవాలి. ఎప్పుడు పేలుతుందో మీకే ముందు తెలియకూడదు.

పిస్టల్ మీద అనుమానం తీరాలంటే పరీక్ష ఉంది. బల్ల మీద ఇసుక సంచీ పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి, ఒకే రకం పెల్లెట్లు పది కాల్చండి. సైట్ ముట్టుకోవద్దు, చిల్లులు ఎక్కడ పడ్డా పర్వాలేదు, ఎంత దగ్గరగా పడ్డాయన్నదే చూడండి. అన్నీ రూపాయి నాణెం కింద దాగిపోతే ఆ పిస్టల్‌తో ఏడాది నిశ్చింతగా నేర్చుకోవచ్చు. దాగకపోతే పెల్లెట్ మార్చి చూడండి. ఈ ఆటకు మొన చదునుగా ఉన్న సీసం పెల్లెట్లే వాడాలి, కాగితంలో గుండ్రటి శుభ్రమైన చిల్లు పడుతుంది. తల కొలత 4.48, 4.49, 4.50 అని డబ్బా మీద ఉంటుంది. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నచ్చుతుంది. పిస్టల్ మీద మిగిల్చిన డబ్బు మంచి పెల్లెట్ల మీద పెట్టండి. మొన సొట్టపోయినవి, అంచు వంగినవి ఏరి పక్కన పడేయండి.

ఇప్పుడు ట్రిగ్గర్. పోటీ నియమం ప్రకారం పేలకుండా కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. చవక పిస్టల్‌లో సమస్య దానికి తిరగబడి ఉంటుంది, కిలో దాటి, గరగరా జారుతూ, ఎక్కడ తెగుతుందో, అంటే ఎక్కడ పేలుతుందో తెలియకుండా ఉంటుంది. కొలవడానికి పరికరం అక్కర్లేదు. అర లీటరు నీళ్ల సీసాకు గట్టి దారం, దానికి వంచిన తీగ. పెల్లెట్ లేకుండా పిస్టల్ కాక్ చేసి, మూతి నిటారుగా పైకి పెట్టి, తీగను ట్రిగ్గర్ మధ్యలో తగిలించి నెమ్మదిగా పైకెత్తండి. సీసా నేల విడిచి లేచినా పేలకపోతే 500 దాటినట్టే. తర్వాత లీటరు సీసాతో చూడండి. స్ప్రింగు బలంతో పిస్టన్ గాలిని నెట్టే స్ప్రింగు పిస్టళ్లకు మాత్రం ఈ పరీక్ష వద్దు. పెల్లెట్ లేకుండా పేలితే పిస్టన్‌కు అడ్డుగా గాలి దిండు ఉండదు, నేరుగా వెళ్లి గుద్దుకుని సీల్ చెడుతుంది.

ట్రిగ్గర్ దగ్గర మరలు ఉంటే ముందు వాటి స్థానం మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఒకసారి ఒక్క మరే, పావు చుట్టే. మొదటి దశ ప్రయాణం, తెగే చోటు బరువు, పేలిన తర్వాత వేలు ఆగే చోటు, ఈ మూడూ వేరువేరు. మూడోదాన్ని సరిచేస్తే చాలామందికి వెంటనే తేడా తెలుస్తుంది, పేలిన మరుక్షణం వేలు ఊడి వెనక్కి పోవడం తగ్గుతుంది కాబట్టి. లోపలి కొక్కేలను ఆకురాయితో రుద్దడం, స్ప్రింగు కత్తిరించడం చేయొద్దు. వీడియోల్లో ధైర్యంగా చేసేస్తుంటారు. పట్టు తగ్గిన కొక్కెం గాలి నింపే లివర్ మూసేటప్పుడు దానంతటదే వదిలేస్తుంది. ఏ మార్పు చేసినా, పెల్లెట్ లేకుండా కాక్ చేసి, సుత్తి చెక్క పిడితో పక్కల నాలుగైదుసార్లు తట్టి, వదలడం లేదని చూసుకున్నాకే పెల్లెట్ పెట్టండి. స్ప్రింగు పిస్టల్‌కు మాత్రం మరలు కూడా తెలిసినవాళ్ల చేతే తిప్పించుకోండి.

గ్రిప్ పని ఇంకా సులువు, ఫలితం ఇంకా ఎక్కువ. చవక గ్రిప్పులు ఎడమచేతికీ కుడిచేతికీ పనికొచ్చేలా చేస్తారు, అంటే ఏ చేతికీ సరిగ్గా కుదరవు. ప్రతిసారీ చెయ్యి కొత్తచోట కూర్చుంటుంది. దాంతో కళ్లు మూసి చెయ్యెత్తి తెరిస్తే ఫ్రంట్ సైట్ గాడికి ఒక పక్కన కనిపిస్తుంది. గాజువాకలో ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా ఎంసీల్ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పుట్టీ) దొరుకుతుంది. గ్రిప్‌ను పిస్టల్ నుంచి విప్పి, గరుకు కాగితంతో రుద్ది, రెండు ముద్దలూ బాగా కలిపి అరచేతి గుంట పడే చోట, బొటనవేలి కింద పెట్టండి. పైన పల్చటి పాలిథిన్ కప్పి, గ్రిప్‌ను తిరిగి బిగించి, కాల్చేటప్పుడు ఎలా పడతారో అలాగే పట్టండి. కళ్లు మూసి చెయ్యెత్తి, తెరిచి, సైట్ మధ్యలో ఉండేలా చేతిని సవరించుకుని ఆ అచ్చు పడనివ్వండి. గట్టిపడ్డాక 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 220. ఎక్కడ నొప్పి పెడితే అక్కడ అరగదీయడం, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇంకాస్త ముద్ద. ఒక్కరోజులో అయ్యే పని కాదిది, వారాల తరబడి కొంచెం కొంచెంగా సాగుతుంది. అరచేతి అడుగు అంచు ఆనే పలక పెట్టుకుంటే అది గ్రిప్‌కు 90 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి, చెయ్యి చుట్టూ తిరిగి పట్టేయకూడదు. లేదంటే పోటీలో తనిఖీ దగ్గరే ఆపేస్తారు.

ఏ రకం కొనాలన్నది విశాఖ వాతావరణాన్ని బట్టి చూడాలి. కార్బన్ డయాక్సైడ్ క్యాప్స్యూల్‌తో నడిచేవి చవక, కాక్ చేయడం తేలిక, పిల్లలకు ముచ్చటగా ఉంటాయి. కానీ ఆ గ్యాస్ ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర 57 బార్ అయితే 30 దగ్గర 72. 31 దాటితే క్యాప్స్యూల్లో ద్రవమంటూ మిగలదు, ఒత్తిడి ఇంకా ఎగబాకుతుంది. మన మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద కాల్చినా పెల్లెట్ తగిలే ఎత్తు మారిపోతూ ఉంటుంది. వెంటవెంటనే కాలిస్తే క్యాప్స్యూల్ చల్లబడి మళ్లీ కిందికి దిగుతుంది. మీరు మీ వేలిని నిందించుకుంటూ కూర్చుంటారు. సిలిండర్‌లో గాలి నింపేవి బాగుంటాయి, అయితే ఇక్కడి తేమ గాలిని చేతిపంపుతో కొడితే నీరు కూడా లోపలికి పోతుంది. తేమ పీల్చే ఫిల్టరు లేని పంపు కొనకండి. కొట్టేటప్పుడు మధ్యమధ్య ఆగి పంపు చల్లారనివ్వండి. నా ఓటు ఒక్కసారి లివర్ తిప్పితే గాలి నిండే సింగిల్ స్ట్రోక్ రకానికే. కుదుపు ఉండదు, ప్రతి పెల్లెట్‌కూ దాదాపు ఒకే వేగం, క్యాప్స్యూల్ ఖర్చు లేదు. లివర్ మూయడానికి బలం కావాలి, వేళ్లు మధ్యలో పెట్టకుండా చూసుకోవాలి. లోపలి సీల్‌కు సిలికాన్ నూనె చుక్క చాలు, కుట్టుమిషన్ నూనె పోయొద్దు.

ఇక ఉప్పుగాలి. రుషికొండ, పెదవాల్తేరు వైపు ఇళ్లలో కిటికీ ఊచలకే తుప్పు పడుతుంటే పిస్టల్‌కు పట్టదా? పైగా చేతి చెమట. కాల్చడం అయ్యాక ఇనుప భాగాలన్నీ నూనె అద్దిన గుడ్డతో తుడవాలి, ఇది రోజూ చేయాల్సిన పని. స్పాంజి పరిచిన ఆ అందమైన పెట్టెలో మాత్రం ఉంచొద్దు. స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది, సరిగ్గా అది తగిలిన చోటే మరకలు పడతాయి. పాత నూలు బట్టలో చుట్టి, సిలికా జెల్ సంచులతో బీరువాలో పెట్టి తాళం వేయండి. బ్యారెల్ లోపల మాటిమాటికీ శుభ్రం చేయొద్దు. ఫెల్ట్ ముక్కతో అప్పుడప్పుడు చాలు. చేసిన తర్వాత మొదటి కొన్ని పెల్లెట్లు ఎటో పోతాయి, కంగారు పడకండి.

ఇంట్లో 10 మీటర్లు దొరకవు, అపార్టుమెంట్లలో అసలే దొరకవు. ఐదు మీటర్లు ఉన్నా చాలు, కార్డును సగానికి తగ్గించి ముద్రించుకోండి. 59.5 మిల్లీమీటర్ల నల్ల చుక్క 30కి వస్తుంది. వెనక ప్లైవుడ్ పెట్టె, అందులో 45 డిగ్రీలు కిందికి వాలిన 3 మిల్లీమీటర్ల ఇనుప పలక, ముందు పాత బట్టలు కుక్కాలి. కళ్లద్దాలు తప్పనిసరి. టార్గెట్ వైపు తలుపు ఉంటే గడియ పెట్టాకే మొదలుపెట్టాలి. మేడ మీద వద్దు. పావురాల మీద, పిట్టల మీద గురిచూసే వాళ్లను చూస్తే నాకు అసహ్యం. 1972 వన్యప్రాణి చట్టం కిందకు రావొచ్చని వాళ్లకు తెలియదు, వాళ్ల వల్ల ఆటకే చెడ్డపేరు. పెట్టెలో పడ్డ సీసం పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తీయండి. పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకునే అలవాటు వద్దే వద్దు. చేతులు సబ్బుతో కడిగాకే టీ.

పెల్లెట్లు కాల్చని రోజుల్లో తెల్లగోడ ముందు నిలబడండి. గోడ మీద చుక్క కూడా ఉండకూడదు. పెల్లెట్ లేకుండా, ఆ పిస్టల్‌కు డ్రై ఫైర్ (ఖాళీగా పేల్చడం) పనికొస్తుందని మాన్యువల్‌లో ఉంటేనే, సైట్ కదలకుండా ట్రిగ్గర్ తెగేలా నొక్కడం సాధన చేయండి. కార్డు లేకపోతే స్కోరు మీద ఆశ ఉండదు, చూపు సైట్ దాటి ఎక్కడికీ పోదు. స్కోరు నిజంగా పెరిగేది ఇక్కడే.

ఖరీదైనది ఎప్పుడు కొనాలని అడుగుతారు. ఇసుక సంచీ మీద మీ పిస్టల్ వేసే గ్రూపుకూ (చిల్లుల గుంపుకూ), నిలబడి మీరు వేసే గ్రూపుకూ తేడా బాగా తగ్గినప్పుడు. ఖరీదైనదైతే మొరాయించదనీ అనుకోకండి. టోక్యో ఒలింపిక్స్‌లో క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. అదే మను 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో పోటీ పిస్టల్ దొరికితే గ్రిప్ మీ చేతి సైజుదేనా, పీడనం ఒక రాత్రంతా తగ్గకుండా నిలుస్తోందా చూడండి. అన్నిటికన్నా ముందు సిలిండర్ మీద చెక్కిన తారీకు చూడండి. సాధారణంగా తయారైన పదేళ్లకు వాటి గడువు తీరిపోతుంది, గడువు తీరినది 200 బార్‌కు నింపకూడదు. కొత్త సిలిండర్ ధర తగ్గించి ఇస్తేనే బేరం ఒప్పుకోండి.