తాతగారి పుస్తకానికి రెండు గడుల నోటుబుక్కు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

తాతగారి సహస్ర చంద్ర దర్శనానికి, అంటే వెయ్యి పున్నములు చూసిన వేడుకకు, ఇంజనీరుగా గడిచిన ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా వేయాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. ముందే చెబుతున్నా, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఆయన ఎదురుగా కూర్చోకు. "మీ జీవితం గురించి చెప్పండి తాతయ్యా" అంటే ఇంజనీర్లు నోరు విప్పరు. విప్పినా "ఏముందమ్మా, డ్యూటీ చేశాం" అని ఊరుకుంటారు. ముందు కాగితాలు పట్టు.

పొడవాటి రూళ్ల నోటుబుక్కు ఒకటి తీసుకుని, ప్రతి పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీయి. ఎడమ గడికి "ఆయన ఎక్కడ", కుడి గడికి "ఇల్లు ఎక్కడ" అని పేరు పెట్టు. ఏడాదికొక పేజీ చాలు. నాగార్జున సాగర్ కాలవల క్యాంపులో ఆయన ఉంటే, పిల్లలతో అమ్మమ్మ ఎక్కడో అద్దింట్లో ఉంది. ఆయన ఇరాక్‌లో, సౌదీలో ఉన్నప్పుడూ అంతే. ఇలాంటి పుస్తకాలు చాలావరకు ఎడమ గడితోనే సరిపెట్టేస్తారు. అందుకే చదువుతుంటే సర్వీస్ రిజిస్టర్‌కు నకలులా ఉంటాయి.

ఎడమ గడికి కావలసినవి: పెన్షన్ పేమెంట్ ఆర్డరు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు, చార్జి అప్పగించిన కాగితాలు, రద్దయిన పాస్‌పోర్టులు. కుడి గడికి కావలసినవి బీరువా అడుగున ఉంటాయి, ఎవరూ వెతకరు. మీ అమ్మవీ మావయ్యవీ స్కూలు టీసీలు, రేషన్ కార్డు సరెండర్ చేసిన కాగితం, గ్యాస్ కనెక్షన్ మార్పించుకున్న వోచరు. ఏ ఊరు ఏ నెలలో వదిలారో వీటిమీద తారీఖుతో సహా ఉంటుంది. మనిషి జ్ఞాపకం రెండేళ్లు అటూ ఇటూ జరుగుతుంది కానీ టీసీ జరగదు.

తాతగారి బడి కాగితాన్ని మాత్రం పుట్టినరోజు దగ్గర నమ్మకూడదు. ఆ తరంలో బడిలో వేసేటప్పుడు చాలామందికి అయ్యవారే ఒక తారీఖు వేసేవారు, జూలై 1 అని కనిపిస్తే మరీ అనుమానించు. అమ్మమ్మని ఆయన పుట్టిన తెలుగు సంవత్సరం, మాసం, తిథి అడుగు. ఉదాహరణకు తారణ అంటే 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. కాబట్టి తారణ మాఘంలో పుట్టినవాళ్లకు ఇంగ్లీషు ఏడాది 1945 అవుతుంది, ఇక్కడే అందరూ ఒక ఏడాది తప్పుతారు. వెయ్యి పున్నములంటే లెక్కకు సుమారు 80 ఏళ్ల 10 నెలలు. పుట్టినరోజు తప్పితే నువ్వు పెట్టుకున్న ముహూర్తమే తప్పుతుంది మరి.

పాస్‌పోర్టు ముద్రలు చదవడం కొంచెం తిరకాసు. అరబ్బీ అంకెల్లో మన సున్నాలా గుండ్రంగా ఉండేది 5. ఉత్త చుక్క కనిపిస్తే అది సున్నా. మన 7లా కనిపించేది నిజానికి 6, ఇంగ్లీషు వి అక్షరంలా ఉన్నది 7, దాన్నే తలకిందులు చేస్తే 8. అంకెల వరసను మాత్రం మనలాగే ఎడమనుంచి చదవాలి. సౌదీ ముద్రలో 1400 దాటిన సంవత్సరం కనిపిస్తే అది హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన సంవత్సరం. హిజ్రీ 1400 మొదలైంది 1979 నవంబరులో. వాళ్ల ఏడాది మనదానికన్నా దాదాపు 11 రోజులు చిన్నది, అందుకే 1405 వచ్చేసరికి ఏడాది మొదలు 1984 సెప్టెంబరు చివరికి జరిగింది. ఉత్తినే 579 కలిపేసి రాయకు, నెల కూడా చూసి మార్చు.

గడులు నిండాకే మాటలకు కూర్చో. పొద్దున కాఫీ అయ్యాక, ఒక పూటకు 40 నిమిషాలు మించకుండా. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, ఆయన నోటికి మూరెడు దూరంలో ఉంచు. ఉత్త బల్లమీద పెడితే ఆయన వేళ్లతో తాళం వేసిన ప్రతిసారీ ఢమఢమ వినిపిస్తుంది. ఫ్యాను ఆపు, వంటింట్లో కుక్కర్ దింపించు. తారీఖు, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో ముందు నువ్వే చెప్పు. ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకున్నాకే అసలు పని. గంట మాటలు కాగితమ్మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది, అది ముందే లెక్కలో వేసుకో.

"నాగార్జున సాగర్ ఎలా ఉండేది" అని అడిగితే శంకుస్థాపన 1955 డిసెంబరు 10న, కాలవలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న అని అప్పజెప్తారు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. క్యాంపుకు తాగే నీళ్లు ఎలా వచ్చేవి, జీతం రోజు కూలీలకు బట్వాడా ఎలా జరిగేది, వానాకాలం జీపు దిగబడితే ఏం చేసేవారు, ఇలాంటివి అడుగు. అన్నిటికన్నా మంచి ఉపాయం ఇంకోటుంది. పెన్సిలూ తెల్లకాగితమూ ఇచ్చి "క్వార్టరు ఎలా ఉండేదో ప్లాన్ గీసి చూపించండి" అను. చెయ్యి కదిలితే ఇంజనీరుకు మాట కదులుతుంది. గోడలు గీస్తూ గీస్తూ, ఏ గదిలో ఎవరు పడుకునేవారో కూడా చెప్పేస్తారు. ఆ కాగితం మీద ఆయన చేత సంతకం, తారీఖు వేయించు. పుస్తకంలో బొమ్మగా అదే పోతుంది.

కొలతలు ఆయన చెప్పినట్టే ఉంచు. అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు మీటర్లలోకి, లీటర్లలోకి మార్చావంటే మాట చచ్చిపోతుంది. కావాలంటే కింద చిన్న అక్షరాల్లో, క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు అని ఒకసారి వేస్తే చాలు. ఆయన కుడికాలువ అన్నది పటంలో జవహర్ కాలువ అని ఉంటుంది, ఎడమది లాల్ బహదూర్ కాలువ.

అమ్మమ్మతో విడిగా కూర్చో. తాతగారు పక్కనుంటే ప్రతి మాటకీ "అది 78 కాదే, 79" అని సవరిస్తారు, ఆవిడ ఊరుకుంటుంది. ఆయన పంపిన బ్యాంకు డ్రాఫ్టు ఎన్నాళ్లకు వచ్చేది, ఈలోగా కిరాణా ఎవరిచ్చేవారు, 1980 సెప్టెంబరులో ఇరాక్, ఇరాన్ యుద్ధం మొదలైందని ఎలా తెలిసింది, పిల్లలకు జ్వరమొస్తే ఎవరిని పిలిచింది, ఇవి ఆవిడకే తెలుసు.

అప్పట్లో గల్ఫ్ ఇళ్లల్లో ఉత్తరాల బదులు మాటలు క్యాసెట్లలో నింపి పంపుకునేవారు. మీ ఇంట్లోనూ ఉంటాయి, సినిమా పాటల డబ్బాల మధ్య వెతుకు. దొరికితే వెంటనే ప్లే చేయకు. వెనక అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, స్క్రూడ్రైవరుతో వాటిని విరిచెయ్యి. ఇక రికార్డు బటన్ దిగదు, పొరపాటున చెరిగిపోయే భయం లేదు. టేపుమీద తెల్లటి బూజు కనిపిస్తే ముట్టుకోకుండా, ఆ పని తెలిసినవాళ్లకివ్వు. బాగుంటే ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి, అంటుకున్న చుట్లు వదులుచెయ్యి. టేప్ రికార్డర్ హెడ్‌ని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరుతో కంప్యూటర్‌లోకి ఎక్కించు. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి పట్టడం దండగ. గొంతు మసకగా వినిపిస్తే టేపు వెనకుండే స్పాంజి ముక్క ఊడిందేమో చూడు. ఊడితే స్క్రూలున్న వేరే క్యాసెట్ డొల్లలోకి చుట్లు మార్పించాలి.

ఫోటోలకు 600 డీపీఐ స్కాన్ సరిపోతుంది. జిగురు పేజీల ఆల్బమ్ నుంచి పీకకు, పేజీతో సహా స్కాన్ తీయి. పేర్లు వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తోనే రాయి.

అచ్చు విషయం. నువ్వు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్, మన డీటీపీ వాళ్లలో చాలామంది ఇంకా యూనికోడ్ కాని "అను" అనే రకం ఫాంట్లు వాడతారు. మార్చేటప్పుడు ఒత్తులు, నకారపొల్లు గల్లంతవుతాయి. మార్చాక మళ్లీ మొదటినుంచి ప్రూఫ్ చూడాల్సిందే. అక్షరం 14 పాయింట్లకు తగ్గనివ్వకు, చదివేవాళ్లంతా కళ్లద్దాల వాళ్లే. పేజీలు 48 గానీ 64 గానీ పెట్టుకో. ముహూర్తానికి నెలన్నర ముందే తాతగారికి ఒక ప్రూఫు, అమ్మమ్మకు ఇంకో ప్రూఫు ఇవ్వు. ఒకే కాపీ ఇద్దరికీ ఇచ్చావంటే ఆవిడ దగ్గరికి అది రాదు.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క. సైటులో పోయినవాళ్ల గురించి, పై అధికారులతో పడిన గొడవల గురించి చెబుతూ ఆయన ఆగితే, రికార్డర్ నువ్వే ఆపెయ్యి. మళ్లీ మొదలుపెట్టమని ఆయనే అంటారు.