భూమి కేంద్రం దాకా ఎందుకు వెళ్లలేకపోతున్నాం?

"చంద్రుడి మీద దిగిన మనిషి కాళ్ల కిందున్న భూమి కేంద్రానికి ఎందుకు వెళ్లలేడు? పెద్ద మిషన్ ఉంటే చాలదా?" అని అడిగారు. హైదరాబాద్‌లో పదకొండేళ్లు బోరు బండి మీద పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. తవ్వడం కంటే, తవ్విన బొక్క మూసుకుపోకుండా చూసుకోవడమే కష్టం.

మన ఊరి కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైన మట్టి ఉన్నంతవరకు కేసింగ్ (బొక్క గోడలు కూలకుండా దించే గొట్టం) దించుతాం. గట్టి రాయి తగిలాక అక్కర్లేదు, బొక్క దానంతటదే నిలబడుతుంది. అయినా ఒక ఎండాకాలం బోడుప్పల్‌లో 900 అడుగులు దాటాక పగుళ్ల రాయి తగిలింది. ముక్కలు జారి, రాడ్ల చివర రాయిని కొట్టే హ్యామర్‌ను పట్టేశాయి. రెండు రోజులు ఎంత లాగినా రాలేదు. హ్యామర్, కొన్ని రాడ్లు లోపలే పోయాయి. ఆ ఇంటి పెద్దాయన "ఇంకో చోట వేద్దాంలే బాబూ" అంటుంటే ఆయన ముఖం చూడలేకపోయాను.

రష్యాలో పరిశోధన కోసం తవ్విన కోలా బోరు గురించి చదివినప్పుడు ఆ రోజే గుర్తొచ్చింది. 1970లో మొదలుపెట్టారు. 1984లో 12 కిలోమీటర్లు దాటాక దాదాపు 5 కిలోమీటర్ల గొట్టాలు తెగి లోపలే ఉండిపోయాయి. 7 కిలోమీటర్ల దగ్గర నుంచి పక్కకు మళ్లించి మళ్లీ తవ్వారు. 1989లో 12,262 మీటర్లకు చేరారు. అడుగున 100 డిగ్రీలు ఉంటుందనుకుంటే 180 ఉంది. అంత వేడికి, పైనున్న బరువుకి రాయి మెత్తబడి బొక్కలోకి జరుగుతుంది. రాయిని కోసే బిట్‌ను మార్చడానికి పైకి తీస్తే, మళ్లీ దించేసరికి దారి ఉండదు. అక్కడితో ఆపేశారు.

కేంద్రం ఉన్నది 6,371 కిలోమీటర్ల కింద. వెయ్యి అడుగుల బోర్లు సుమారు 21 వేలు ఒకదాని కింద ఒకటి వేసినట్టు! కోలా అందులో వెయ్యికి రెండు వంతులు కూడా కాదు. పైగా 2,900 కిలోమీటర్ల తర్వాత ఉన్నది కరిగిన ఇనుము. ద్రవంలో బొక్క ఎక్కడ నిలుస్తుంది? కేంద్రంలో 5,000 డిగ్రీల పైన వేడి, ఇక్కడి గాలి ఒత్తిడికి సుమారు 36 లక్షల రెట్లు ఒత్తిడి. ఏ కేసింగూ ఆగదు.

మరి లోపల ఏముందో ఎలా తెలిసిందంటే, భూకంప తరంగాల వల్ల. 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ వాటి రికార్డులు చూసే, కరిగిన ఇనుము మధ్యలో మరో గుండు ఉందని కనిపెట్టారు. మన ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కూడా ఆ తరంగాలతోనే భూమి లోపలి సంగతులు తెలుసుకుంటారు.