పెనాల్టీ బాక్సులో పడినవాడు నిజంగా పడ్డాడా, నటించాడా: రెఫరీ ఎలా తేల్చాలి?

ఫుట్‌బాల్‌లో వీఏఆర్ (వీడియో చూసి రెఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి) వచ్చాక కూడా డైవింగ్ (ఫౌల్ జరిగినట్టు నటించి పడిపోవడం) మీద ఇన్ని గొడవలెందుకు, కెమెరాలు లేని ఊరి మ్యాచ్‌లో రెఫరీ ఏం చూసి తేల్చాలి అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పన్నెండేళ్లుగా ఇక్కడ స్కూలు, క్లబ్ మ్యాచ్‌లకు విజిల్ ఊదుతున్నాను కాబట్టి రెండో దాని గురించే ఎక్కువ చెప్పగలను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మహేంద్రతనయ అవతల పాతపట్నం నుంచి వచ్చిన జట్టుకీ మా ఊరి జట్టుకీ మ్యాచ్. ఆఖరి నిమిషాలు, ఇంకా ఒక్క గోల్ కూడా పడలేదు. మా స్ట్రైకర్ బంతితో బాక్సులోకి దూసుకెళ్లాడు. డిఫెండర్ కాలు చాపాడు, వీడు బోర్లా పడ్డాడు. సున్నం గీత మీద దుమ్ము లేచింది. తెలుగులో కొందరు, ఒడియాలో కొందరు పెనాల్టీ అని అరిచారు. నేను విజిల్ ఊదేశాను. ఆ క్షణంలో నేను సరిగ్గా వాడి వెనకాలే ఉన్నాను. నాకు కనిపించింది వీపు ఒక్కటే. ఇద్దరి కాళ్ల మధ్య ఖాళీ కనపడాలంటే పక్కకు జరిగి ఉండాల్సింది. డిఫెండర్ వచ్చి, "తగల్లేదు మాస్టారూ, అమ్మతోడు" అన్నాడు. వాడి గొంతు వణికింది. గోల్ అయింది, వాళ్లు ఓడిపోయారు. రాత్రి ఎవరో ఫోన్లో తీసిన వీడియో చూపించారు. కాలికీ కాలికీ మధ్య జానెడు దూరం ఉంది. మర్నాడు వాళ్ల కోచ్‌కి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. ఫలితం మాత్రం మార్చలేకపోయాను.

అప్పట్నుంచి బంతిని కాదు, కాళ్లు కలిసే చోటు చూస్తున్నాను. అది పక్కనుంచి కనిపించేలా పరిగెత్తుతాను. ఆ తర్వాత చేతులు చూస్తాను. పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మోరిస్ దీని మీద పరిశోధన చేశారు. నిజంగా కాలు తట్టుకున్నవాడి చేతులు ఆపుకోవడానికి ముందుకో పక్కకో వస్తాయి. నటించేవాడు రెండు చేతులూ పైకెత్తి, తల వెనక్కి వాల్చి, ఛాతీ ముందుకు పెట్టి, మోకాళ్లు మడిచి విల్లులా వంగుతాడు. తగిలాక ఒక అడుగు వేసి ఆ తర్వాత పడేవాళ్లూ ఉంటారు. ఇవి గుర్తులే, రుజువులు కావు. అనుమానం ఉంటే నేను పెనాల్టీ ఇవ్వను. నటనేనని ఖాయంగా తెలిస్తే ఎల్లో కార్డు చూపిస్తాను, రూల్ కూడా అదే.

ఇక వీఏఆర్. రెఫరీ స్పష్టంగా పొరబడిన చోట అది బాగా పనికొస్తుంది. 2018 ప్రపంచ కప్‌లో కోస్టారికాతో మ్యాచ్‌లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ బాక్సులో పడితే పెనాల్టీ ఇచ్చారు, స్క్రీన్ చూశాక రద్దు చేశారు. కానీ తగిలిందో లేదో కెమెరా చెబుతుంది గానీ, ఆ తగలడం ఫౌలా కాదా అన్నది మనిషే తేల్చాలి. తగిలిన ప్రతిదీ ఫౌల్ కాదు. గొడవలన్నీ అక్కడే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం వేరే మాట. తర్వాతి వారం ఆ స్ట్రైకర్‌ని పక్కకు పిలిచి, "తగల్లేదని నువ్వైనా ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను. 1997లో ఆర్సెనల్ క్లబ్‌తో ఆడుతూ లివర్‌పూల్ స్ట్రైకర్ రాబీ ఫౌలర్ తనది పెనాల్టీ కాదని రెఫరీకి చేతులూపి చెప్పిన సంగతి కూడా చెప్పాను. వాడికి ఆ సంగతి ముందే తెలుసు. "ఆయన చెప్పినా పెనాల్టీ ఇచ్చేశారు కదా మాస్టారూ" అన్నాడు. కాసేపు ఆగి, "పోయిన మ్యాచ్‌లో నన్ను నిజంగా తన్నారు. పడకుండా నిలబడ్డాను. మీరేమీ ఇవ్వలేదు" అన్నాడు.

నిజమే, ఇవ్వలేదు. పడితేనే ఫౌల్ అని ఏ రూల్‌లోనూ లేదు. నిలబడ్డవాడికి న్యాయం చేయకుండా పడినవాడిని తిట్టే హక్కు నాకు లేదనిపించింది.

ఈ మధ్య ఒక స్కూలు మ్యాచ్‌లో బాక్సులో ఒక పిల్లాడి మడమ మీద గట్టిగా తన్ను పడింది. తూలాడు గానీ పడలేదు. రెండడుగులు వేశాక బంతి పోయింది. అడ్వాంటేజ్ (ఆట ఆపకపోతేనే ఫౌల్ తిన్న జట్టుకు లాభం) వస్తుందేమోనని ఆగి, రాలేదని తేలాక విజిల్ ఊది పెనాల్టీ స్పాట్ చూపించాను. వాళ్ల సొంత పీఈటీయే ఆశ్చర్యపోయి, "వాడు పడలేదు కదండీ?" అన్నారు.

"తన్నారు కదండీ" అన్నాను.